సీసాలో సీసం

రోజు 14,204

గొట్టాల పని చేసేవాళ్లు ఏ రోజు పని ఆ రోజు పుస్తకంలో రాసిపెట్టాలని ఎర్రగుట్టలో కట్టుబాటు. నా పాత పుస్తకాన్ని పంచాయతీ పోయిన నెల గుంజుకుంది. అందులో "పడమటి సొరంగంలో దయ్యం కనిపించింది, గొట్టం మాత్రం బాగానే ఉంది" లాంటి మాటలు ఎక్కువయ్యాయట. ఈ కొత్త పుస్తకం చేతిలో పెట్టి, "ఓదెలూ, ఇందులోనన్నా నిజాలు రాయి" అన్నారు. నేను చదివింది ఏడో తరగతి. బడిలో మాతో వ్యాసాలు రాయించారు గానీ నిజాలు రాయించలేదు. చెయ్యి తిరగడానికి కొంచెం టైం పడుతుంది.

నిజం: పొద్దున మూడో గొట్టానికి వాషర్ మార్చాను. ఇంకో నిజం: సాయంత్రం కొసరులో మా అత్త కొమురవ్వ చెప్పుల్ని నేలకి అతికించాను.

కొసరంటే చెప్పాలి. భూమ్మీది రోజుకన్నా ఈ కుజుడి మీద రోజు నలభై నిమిషాలు పొడుగు. మా పెద్దవాళ్లు ఇక్కడ దిగినప్పుడు నాకు ఏడేళ్లు. మిగిలిపోయిన ఆ నలభై నిమిషాలకి వాళ్లు కొసరు అని పేరు పెట్టి, షిఫ్టు దిగగానే సాయంత్రానికి తగిలించుకున్నారు. ఆ సేపు గడియారాలు ఆపేస్తాం. ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. ఊళ్లో ఉన్న రెండు వందల మంది పెద్దవాళ్లమూ ఎవరి సీస వాళ్లు పట్టుకుని అత్త జొన్న బీరు గంగాళం ముందు వరస కడతాం. సీస అంటే సీసా. మా దగ్గర ఆ దీర్ఘం ఎవరూ తియ్యరు. ఊపిరి ఖర్చు.

మొదటి సీస ఎల్లమ్మ తల్లిది. భూమ్మీద మావాళ్లు కల్లు తాగేముందు తల్లి పేరున నాలుగు చుక్కలు నేల మీద సాక పోసేవారట. ఇక్కడ నాలుగు చుక్కలు నేలపాలు చేస్తే పంచాయతీ వారం రోజులు స్నానం నీళ్లు బంద్ చేస్తుంది. అందుకని సాక సీసని తల్లి బదులు వండిన మనిషే తాగాలని అత్త తీర్పు చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఈ విషయంలో తల్లికీ అత్తకీ పేచీ రాలేదు.

ఇవాళ సాక సీస తాగి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, అడుగు వేయబోయి అత్త అక్కడే ఊగింది.

"ఓదెలూ!"

"ఏందత్తా?"

"ఇటు రా బిడ్డా. ఏమనను, రా."

వెళ్లాను. వేళ్లు మడిచి, మణికట్టు వెనక్కి విరిచి, నడినెత్తి మీద ఠక్కుమని ఒకటి వేసింది. కుజుడి మీద అన్నిటి బరువూ మూడోవంతే. అత్త మొట్టికాయ మాత్రం భూమ్మీది బరువుతోనే పడుతుంది. ఆమె మా నాయనకి చెల్లెలు, నా పెళ్లాం స్వరూపకి తల్లి. అమ్మానాయనా పోయాక నన్ను సాకింది కూడా ఆమే. మొట్టడానికి ఆమెకి మూడు రకాల హక్కుంది. మా పెళ్లికి జాతకాలు చూడలేదు లెండి. కాపురమే కుజుడి మీద పెట్టేవాళ్లకి కుజదోషం ఎవరు చూస్తారు?

నా పరాచికాలకి ఒకటే నియమం. గాలితో ఆడను, నీళ్లతో ఆడను. మిగతాదంతా నా రాజ్యం.

రోజు 14,211

"నా కండ్లద్దాలేడ దాసినవ్‌రా?" అని అత్త వరస మధ్యలోంచి నన్ను పిలిచింది.

నేను దాచలేదు. కానీ ఆ కోపమూ వెనకాల జనం నవ్వూ చూసి నా నోరు ఊరుకోలేదు. "దొరకబట్టుకో సూద్దాం" అన్నాను. అద్దాలు జొన్న మొలకల బుట్టలో దొరికాయి. మొట్టికాయ తిన్నాను. చేయని తప్పుకి తిన్నది కూడా రుచిగానే ఉంది. పేరు ఊరికే వస్తుంటే వద్దంటామా?

పని: ఏమీ లేదు.

రోజు 14,219

అత్త గంగాళంలో మొలకల పిండి రెండుసార్లు పోసింది. బీరు అంబలిలాగా వచ్చింది. "పిండి పోసిన అని గీత కాడ పెట్టిన గుర్తు మార్చినవ్ గదరా, దొంగా!" అంది. ఆ గుర్తు జోలికి నేను పోలేదు. అయినా మీసం దువ్వుకున్నాను.

ఇంటికొచ్చాక స్వరూప తల్లి తరఫున అడిగింది. "నీకు మా అవ్వ తప్ప వేరే దిక్కు లేదానయ్యా? పాపం, ముసల్ది గుర్తు పెట్టుకోలేక సస్తున్నది."

"మీ అవ్వా? ముసల్దా? ఆమెకి గుర్తుండనిదేముంది? నా చిన్నప్పటి తప్పులన్నీ తారీఖులతో చెప్తది."

సాక సీస ఈ మధ్య తియ్యగా ఉంటోందని అత్త అందరితో చెబుతోంది. తల్లి మెచ్చిందట. తల్లి మెచ్చడానికి అసలు కారణం నేను. బీరు పట్టే గంగాళం నల్లకి ఉన్న పాత ప్లాస్టిక్ ముక్కు పగిలితే ఐదు నెలల కింద కొత్త ముక్కు చేయించి బిగించింది నేనే. ఇక్కడ పైనుంచి పోస్తే బీరు మూరెడు నురగై లేస్తుంది. సీస అడుగు దాకా దిగే ముక్కు కావాలి. మూరెడు పొడుగు, కొంగ మెడ వంపు, లావుగా, బరువుగా, అందంగా ఉంటుంది. నల్ల కట్టేశాక కూడా పావు లీటరు బీరు ఆ మెడలో నిలబడి మర్నాటి దాకా ఉంటుంది. చుక్క కారదు.

చేసింది కమ్మరి. కమ్మరంటే మనిషి కాదు, తూర్పు సొరంగంలో ఉండే యంత్రం. ఏ లోహపు సామాను కావాలన్నా నోటితో చెబితే చాలు, పాత ఇనుమూ తగరమూ కరగబోసి చేసి ఇస్తుంది. భూమ్మీద దానికి తెలుగు నేర్పిన పంతులెవరో గానీ, ప్రతి మాటకీ తోక తగిలిస్తుంది. గొట్టము, పళ్లెము, తాళము. నేను దాన్ని పండితుడా అంటాను.

రోజు 14,226

అత్తకి నాలుగు రోజులుగా కడుపులో మెలిపెట్టే నొప్పి. అన్నం సయించదు. దొడ్డికి పోయి వారమైందని ఊరంతా వినేట్టు చెప్పింది. వరసలో ముందు నిలబడే ఇద్దరు కూడా పొట్ట పట్టుకుని తిరుగుతున్నారు. పరీక్షల ఆరిఫా వచ్చి, గంగాళంలో గరిటె ముంచి, బీరు తీసుకుపోయింది. ఊళ్లో తినేది, తాగేది, పీల్చేది అంతా ఆమె పరీక్ష దాటి రావాలి. వాళ్ల నాయన చేసిన పనే చేస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి గానీ నవ్వడానికి పంచాయతీ అనుమతి కావాలన్నట్టు ఉంటుంది.

మధ్యాహ్నానికి గోడ మీద చీటీ అతికించింది: "బీరు బాగున్నది." నేను కింద రాశాను: "తాగినోళ్లే బాగలేరు."

"ఓదెలన్నా," అంది చూసి, "నీకు పాదరసం సంగతి యాదికుందా?"

ఉండకేం? పోయిన ఏడాది ఆమె చేతిరాతలోనే "బీరులో పాదరసం ఉన్నది, ఎవరూ తాగొద్దు" అని చీటీ అంటించాను. జనమంతా ఇళ్లకి పోయారు. ఆ కొసరులో నేనొక్కణ్నే ఏడు సీసలు తాగాను. నా జీవితంలో అంతటి పండగ మళ్లీ రాలేదు.

"అసుంటిది ఇంకోసారి చేస్తే, నిజంగ విషమొచ్చిన నాడు నా చీటీని ఎవలు నమ్ముతరు?"

"నువ్వుండంగ విషమెట్లొస్తది ఆరిఫమ్మా?" అన్నాను. మాట తీపి. నాది ఎప్పుడూ అంతే.

రోజు 14,233

గొట్టాలు బాగున్నాయి.

అత్త ఇవాళ నన్ను "రాజలింగూ" అని పిలిచింది. అది మా నాయన పేరు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "ఎప్పుడు నేర్పినవ్‌రా ఈ ఆట?" అని ఒకడు నా భుజం చరిచాడు.

ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

రోజు 14,240

ఇవాళ కావాలనే తప్పు చేశాను. అత్త కొంగుని గంగాళం పిడికి ముడేశాను. మామూలు పాత పరాచికం. నాకు కావలసింది మొట్టికాయ. అది పడితే నా మనసు కుదుటపడుతుందని.

"రా బిడ్డా, ఏమనను."

తల వంచాను. పడలేదు. ఇంకా వంచాను. పైకి చూస్తే అత్త చెయ్యి ఎత్తే ఉంది, మణికట్టు మాత్రం నీళ్లు లేని ఆకులాగా కిందికి వేలాడుతోంది. వేళ్లు మడవబోతోంది. చెయ్యి వెనక్కి విరగడం లేదు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని నా నెత్తి మీద పెట్టింది. మెత్తగా. దీవించినట్టు.

"ఏంజేసినవ్‌రా నా చేతికి?" అంది. గొంతులో కోపం లేదు. నేనే చేశానని, కాసేపట్లో నేనే తీసేస్తానని నమ్మకం. నలభై ఏళ్లలో నాకు ఎవరి మొహమూ చూడాలంటే ఇంత భయం వేయలేదు.

రోజు 14,241

పొద్దున్నే స్వరూపకి చెప్పేశాను. కళ్లద్దాలు నేను దాచలేదు, గుర్తు నేను మార్చలేదు, ఆ పేరు నేను నేర్పలేదు, ఆ చెయ్యి నేను ఏమీ చేయలేదు.

"ఇది గూడ ఆటనేనా?"

"నీ మీదొట్టు."

"నా మీద ఒట్లు ఎన్ని తినలేదు నువ్వు?" అని, నా మొహం చూసి ఆగింది. "మరి ఇన్ని దినాలు మీసమెందుకు దువ్వినవయ్యా?"

నేను చేయని వాటికి పేరు కొట్టేయకుండా ఉంటే, అత్తకి ఏదో అవుతోందని నెల కిందే ఎవరో ఒకరు అని ఉండేవాళ్లు. ఆమె రోగాన్ని నా పరాచికాల కింద దాచింది నేనే. కళ్లద్దాలు దాచలేదు గానీ ఇది దాచాను.

ఇద్దరం కలిసి అత్తని ఆరిఫా దగ్గరికి తీసుకుపోయాం. చెయ్యి పట్టి చూసింది, చిగుళ్లు చూసింది. రక్తం తీసింది. ఫలితం రావడానికి రెండు రోజులట.

"నా బీరుకేం కాలేదు గదా?" అని అత్త అడిగింది. చెయ్యి గురించి అడగలేదు.

రోజు 14,242

ఇవాళ్టిది వరసగా రాస్తాను. అబద్ధం ఒక్కటీ లేదు.

అత్తని నవ్వించాలని పొద్దున ఆలోచన వచ్చింది. కొంగమెడ ముక్కు చివర ఈల బిగిస్తే, సీస నిండుతుంటే అది కోడిపుంజులాగా కూస్తుంది. అత్త భూమ్మీద కోళ్లు పెంచిన మనిషి. మధ్యాహ్నం గంగాళం దగ్గర ఎవరూ లేనప్పుడు వెళ్లి, ఈల పట్టడానికి ముక్కు అంచుని మేకుతో గీరాను. ఇనుమైతే మేకు జారాలి. ఇది బెల్లంలాగా పెచ్చు లేచింది. గీరిన చోట తళుక్కుమంది. లోపల వేలు పెడితే తెల్లటి పొడి, వేలి నిండా మసి. ఈ పుస్తకాన్ని ముక్కు అంచుకి ఆనించి లాగాను. ఈ కింద ఉన్న బూడిదరంగు గీత అదే:

————————————

గీత గీసే లోహం నాకు ఒకటే తెలుసు. అంతరిక్షంలో కిరణాలు తగలకుండా మేం వచ్చిన ఓడకి లోపల పలకలు తొడిగి ఉండేవి. చిన్నప్పుడు ఆ పలకల ముక్కలతో సొరంగం గోడల మీద బొమ్మలు గీసేవాళ్లం. ఆరిఫా వాళ్ల నాయన చూసి, అందరి వీపులూ పగలగొట్టి, మోచేతుల దాకా కడిగించాడు. "ఇది కడుపులకు పోతే బుర్రను తింటది, చేతులు చచ్చువడుతయ్" అన్నాడు. ఆ దెబ్బ గుర్తుంది. అందుకే ఆ మాట గుర్తుంది.

అది సీసం.

అయినా వెంటనే అరవలేదు. నేను అరిస్తే ఎవరు నమ్ముతారు? రుజువు కావాలి. తూర్పు సొరంగానికి పరిగెత్తాను.

"పండితుడా, ఐదు నెలల కింద నాకు బీరు ముక్కు చేసిచ్చినవ్. దేంతోని చేసినవ్?"

"సీసముతో చేసితిని," అంది కమ్మరి, "తమరి ఆదేశము మేరకే."

"నేనెప్పుడు చెప్పిన?"

దాచిపెట్టుకున్న ఆనాటి నా గొంతునే నాకు వినిపించింది.

"ఒక సీస ముక్కు చెయ్యి. మూరెడు పొడుగు, కొంగ మెడ లెక్క."

"సీస ముక్కు. అనగా సీసము. నిశ్చయమేనా?"

"నిశ్చయము! అన్నము, పప్పుము, సీసము. చెయ్యి పండితుడా, కొసరు టైమైతున్నది."

వెనకాల నా నవ్వు. చాలాసేపు నవ్వుకున్నాను ఆ రోజు.

అది అడిగింది. అడగలేదనడానికి లేదు. నేను సీసా అని దీర్ఘం తీయలేదు. అది సీసము అంటే, అన్నిటికీ తగిలించే తోకే దీనికీ తగిలించిందనుకున్నాను. వెక్కిరించి మరీ ఖాయం చేశాను. ఓడ పలకలు కరగబోసి నేను అడిగినంత అందంగా చేసి ఇచ్చింది.

మెడలో రోజంతా నిలబడిన ఆ పావు లీటరు. పుల్లటి బీరు సీసాన్ని నాకి నాకి కరిగించుకుంటుంది. నల్ల తిప్పగానే ముందు వచ్చేది అదే. అది పోయేది మొదటి సీసలోకి. మొదటి సీస సాక సీస. తియ్యగా ఉందంది. తల్లి మెచ్చిందంది.

సీసముతో చేసినట్టు కమ్మరి రాసిచ్చిన చీటీ పట్టుకుని వెనక్కి పరిగెత్తేసరికి కొసరు గంట కొట్టేశారు. వరస నిలబడి ఉంది. అత్త ఎడమ చేత్తో నల్ల తిప్పింది. సాక సీస నిండింది.

"ఆగుండ్రి! తాగకుండ్రి! దాంట్ల సీసం ఉంది!"

నవ్వు వరస చివరి దాకా పాకింది.

"సీసల సీసమా? బాగ కుదిరిచ్చినవ్ ఓదెలూ!"

"చీటీ గూడ తెచ్చిండ్రోయ్! ఈసారి ఎవలి చేతిరాత?"

ఆరిఫా కూడా నిట్టూర్చింది. "పోయినేడు పాదరసం, ఈయేడు సీసం. వరసగ పాఠం చదువుతున్నవా అన్నా?"

"నిజం చెప్తున్న. ముక్కు జూడు, గీరి జూడు..."

"నీ సొంత ముక్కు గీక్కో!" అన్నారెవరో. మళ్లీ నవ్వు.

అత్త కూడా నవ్వుతోంది. చాలా రోజులకి నవ్వింది. "పోనీయిండ్రి, పిలగాడు సరదా పడ్డడు" అని, ఎడమ చేత్తో సీస నోటి దగ్గరికి ఎత్తింది.

ఎలా ఆపాలి? ఈ నోటితో ఏం చెప్పినా పరాచికమే. ఏడ్చినా పరాచికమే. నా దగ్గర పరాచికం కానిది ఒక్కటే మిగిలింది. సీస లాక్కుని అందరి ముందూ తిరగేశాను.

కుజుడి మీద ఏదైనా తీరిగ్గా పడుతుంది. ఆ బీరు కూడా ఎర్రటి దారంలాగా, తొందరలేకుండా, రెండు వందల మందికీ కనిపించేట్టు నేలకి దిగింది. మట్టి తాగేసింది.

ఎవరూ నవ్వలేదు.

"నీళ్లు పారబోసిండు," అన్నారు వెనకాల ఎవరో, మెల్లగా. "ఓదెలు నీళ్లు పారబోసిండు."

ఆరిఫా వరసలోంచి బయటికొచ్చింది. నా మొహం చూసింది. వెళ్లి నల్ల కట్టేసి, గోటితో ముక్కుని గీరింది. గోరు దిగింది. గోటి వైపు చూసుకుని, వరస వైపు తిరిగి, "ఎవలూ తాగొద్దు. సీసలు కింద పెట్టుండ్రి" అంది. అందరూ పెట్టారు.

ముక్కు చేయించింది నేనేనని, ఎలా చేయించానో, కమ్మరి ఏమడిగిందో, నేనేమన్నానో మొత్తం అక్కడే నిలబడి చెప్పాను. నా నవ్వుతో సహా. స్వరూప విని, తల్లిని పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. నా వైపు చూడలేదు.

పోతూ పోతూ అత్త వెనక్కి తిరిగింది. "ఇన్నేండ్లకు తల్లికి సాక పోసినవ్," అంది. "అది గూడ విషం పోస్తివి గదరా."

రోజు 14,243

రక్తం ఫలితం వచ్చింది. అత్త ఒంట్లో ఉండకూడనంత సీసం. మెడలో నిలిచిన బీరులో మంచినీళ్లలో ఉండదగ్గదానికి కొన్ని వందల రెట్లు. గంగాళంలో మాత్రం సున్నా. వరసలో మొదట నిలబడే పదిమంది రక్తంలో కొద్దికొద్దిగా. నాది శుభ్రంగా ఉంది. ఆఖర్న నిలబడితే అడుగున మిగిలింది అదనంగా అడగొచ్చని నేనెప్పుడూ చివర్లో ఉంటాను. ఆ కాగితం చదివి తలెత్తలేకపోయాను.

సీసాన్ని పట్టి బయటికి ఈడ్చే మందు ఉందట. మతిమరుపు తగ్గుతుంది, కడుపునొప్పి పోతుంది. చెయ్యి?

"రావొచ్చు," అంది ఆరిఫా. "రాకపోవచ్చు. నెలలు పడుతది."

రోజు 14,252

స్వరూప పది రోజుల తర్వాత ఇవాళ మాట్లాడింది. "అన్నం సల్లారుతది, తిను" అంది. రెండు మాటలు. పుస్తకంలో రాసుకోదగ్గవి.

రోజు 14,260

పంచాయతీ కూర్చుంది. నీళ్లు పారబోసినందుకు వారం రోజుల స్నానం నీళ్లు బంద్ చేస్తారనుకున్నాను. చేశారు కూడా. కట్టుబాటు కట్టుబాటే. తర్వాత ముక్కు సంగతి వచ్చింది. అప్పుడు ఆరిఫా లేచింది.

"తప్పు ఓదెలన్న ఒక్కనిదే కాదు. నేను గంగాళంల ముంచి చూసిన. బాగున్నదని రాసిన. మీరు గంగాళంలకెళ్లి తాగుతలేరు గదా, సీసలకెళ్లి తాగుతున్నరు. ఇగ మీది నుంచి నేను సీసల నుంచే చూస్త. మొట్టమొదలు ఏ సీస నిండుతదో, ఆ సీస నుంచే."

గోడ మీద చీటీల్ని కూడా మార్చింది. ఇప్పుడు ప్రతి చీటీ మీదా ఏ చోట, ఏ పూట, ఎన్నో సీసలోంచి తీసిందో ఉంటుంది. దాని కింద నేను ఏమీ రాయలేదు.

కమ్మరికి మా మాట నేర్పే పని స్వరూపకి అప్పగించారు. సీస అంటే సీసా అని చెప్పి చెప్పి వచ్చింది. ఇప్పుడది ఏం అడిగినా "దీర్ఘమా? సున్నయా?" అంటోంది. చెంచా అడిగినా అదే ప్రశ్న. దాని తప్పు కాదు, భయపడింది.

చివర్న అత్తని అడిగారు, ఏం శిక్ష వేయమంటావని. చేతికి బద్ద కట్టుకుని కూర్చుని ఉంది. కాసేపు ఆలోచించింది. ఆలోచిస్తోంది, మరిచిపోలేదు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"నా ముప్పై ఏండ్ల సాక సీస ఇగ వీనిదే," అంది. "ముక్కు చేయించినోడు ముందు తాగాలె. వాడు తాగి గంట సేపు సక్కగ నిలవడితేనే ఊరు తాగాలె."

"అవ్వా, కొసరు నలభై నిమిషాలే గద?" అన్నారు ఎవరో.

"అయితే పావు గంట. వీనికి అదే ఎక్కువ."

కొత్త ముక్కు గాజుది. లోపల ఏముందో అందరికీ కనబడుతుంది. దాన్ని రోజూ నేనే విప్పి, కడిగి, ఆరబెట్టి బిగిస్తున్నాను.

రోజు 14,391

ముక్కు కడిగాను. రెండో గొట్టానికి బిగింపు వదులైతే సరిచేశాను.

కొసరు గంట కొట్టారు. అత్త నల్ల తిప్పింది, కుడి చేత్తో. ఈ నెల రోజులుగా ఆ చేత్తో నల్ల పడుతోంది గానీ, మణికట్టు ఇంకా బద్దలోనే ఉంటోంది. ఆరిఫా పరీక్షకి కొంచెం తీసుకుని తలూపింది. సాక సీస నా చేతికొచ్చింది. తల్లిని తలుచుకుని ఒక గుక్క తాగాను.

తియ్యగా ఉంది.

ఇంకో గుక్క నాలుక మీద ఆనించాను. తియ్యగానే ఉంది.

"ఆగుండ్రి!" అని వరసకి అడ్డం నిలబడ్డాను. "ఎవలూ తాగొద్దు! తియ్యగున్నది! ఆరిఫమ్మా, మళ్ల సూడు! ముక్కు నేను పొద్దుగాలనే కడిగిన, గాజుదే, నా కండ్లతోని..."

ఎవరూ కదలలేదు. మొదటివాడి పెదవి వణుకుతోంది. రెండోవాడు పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆరిఫా, ఆ ఆరిఫా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్వరూప వీపు తిప్పుకుంది, భుజాలు ఎగురుతున్నాయి.

నాకు ఇంకా అందలేదు. చెయ్యి దానంతట అదే సీసని పక్కకి వంచింది. అంచు దాకా వచ్చింది బీరు.

"నీళ్లు పారబోస్తవారా! జొన్న పానకం కలిపిన, తాగి సావు!"

ఠక్.

నడినెత్తి మీద. వేళ్లు మడిచి, మణికట్టు వెనక్కి విరిచి. తలెత్తి చూస్తే అత్త చేతికి బద్ద లేదు. చెయ్యి గాల్లో నిటారుగా నిలబడి ఉంది, ఇంకోటి వేయడానికి సిద్ధంగా. వారం నుంచి గోడ మీద మొట్టి మొట్టి సాధన చేస్తోందట. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప.

రెండు వందల మంది నవ్వు. సొరంగం పెచ్చులు రాలాయి.

"నొప్పి పుట్టిందారా?" అంది అత్త.

"లేదు," అన్నాను. "ఇంకోటెయ్యి."

ఈ పుస్తకంలో నిజాలే రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నొప్పి పుట్టింది. బొప్పి కట్టింది. స్వరూప వేలు పెట్టి చూసి, గోరంత ఉందంది. భూమ్మీది బరువుకి ఇంకా కొంచెం తక్కువే. రేపు చెప్పులు అతికించాలి.